ఎనిమిది రాగి తీగలు – జార్జ్ సైమన్ ఓమ్ జీవితం

వార్షికోత్సవ సంచికకు ఒక శాస్త్రవేత్త జీవితం రాసి ఇమ్మని అడిగినప్పుడు మాకు వెంటనే తోచిన పేరు జార్జ్ సైమన్ ఓమ్. పదో తరగతి పాసైన ప్రతి ఒక్కరికీ ఆ పేరు తెలుసు. ఓమ్ నియమాన్ని బట్టీ పడతాం, పరీక్షలో రాస్తాం, మరచిపోతాం. ఆ ఒక్క వాక్యం కోసం ఒక బడి పంతులు ఎంత వెచ్చించారో పాఠ్యపుస్తకంలో ఉండదు. ఇంకో సంగతి కూడా ఉండదు. ఓమ్ చేసిన ప్రయోగంలో బయటపడింది మనం బట్టీ పట్టే సూత్రం కంటే కొంచెం పెద్దది. ఎలక్ట్రానిక్స్ ల్యాబులో పొటెన్షియల్ డివైడర్ ముందు కూర్చున్న ప్రతి విద్యార్థికీ ఎదురయ్యేది ఆ పెద్ద సంగతే. దాని గురించి, ఆయన గురించి కలిపి రాస్తున్నాం.

ఓమ్ 1789 మార్చి 16న నేటి జర్మనీలోని ఎర్లాంగెన్ పట్టణంలో జన్మించారు. తండ్రి జోహాన్ వోల్ఫ్‌గాంగ్ ఓమ్ తాళాలు చేసి బతికే పనివారు. తల్లి మరియా ఎలిజబెత్ ఒక దర్జీ కూతురు. ఏడుగురు పిల్లలు పుడితే ముగ్గురే బతికారు. ఓమ్‌కు పదేళ్ల వయసులో తల్లి చనిపోయారు. తండ్రి బడికి వెళ్లి చదువుకున్నవారు కాదు. అయినా తాళాల పని చేసుకుంటూనే పుస్తకాలు సంపాదించి, తనంతట తాను గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, తత్వశాస్త్రం చదువుకున్నారు. అవన్నీ కొడుకులిద్దరికీ ఇంట్లోనే నేర్పారు. ఈ కథలో మమ్మల్ని అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది ఓమ్ కాదు, ఈ తండ్రి. మా ఇంట్లో డిగ్రీ పట్టా పుచ్చుకున్నది మేమే మొదలు. మా నాయన సంతకం పెట్టడం వరకే నేర్చుకున్నారు. ఫీజు కట్టడానికి అప్పు చేసిన తండ్రులు మనలో చాలామందికి ఉన్నారు గానీ, కొడుకు కంటే ముందు తానే లెక్కలు నేర్చుకొని కొడుక్కి నేర్పిన తండ్రి ఎంతమందికి దొరుకుతాడు? తమ్ముడు మార్టిన్ ఓమ్ కూడా తరువాతి కాలంలో పేరున్న గణిత ఆచార్యుడయ్యాడు.

పదకొండో ఏట నుంచి పదిహేనో ఏట దాకా ఓమ్ ఊళ్లోని జిమ్నాసియంలో, అంటే మన హైస్కూలు లాంటి దానిలో చదివారు. అక్కడి చదువులో సైన్సు దాదాపు లేదు. లాటిన్, గ్రీకు భాషలు, వాటి వ్యాకరణం, కంఠస్థం. ఇంట్లో తండ్రి చెప్పిన పాఠానికీ బడి పాఠానికీ పొంతన లేదు. లాంగ్స్‌డోర్ఫ్ అనే విశ్వవిద్యాలయ ఆచార్యుడు పిల్లవాణ్ణి పిలిచి పరీక్షించి చాలా మెచ్చుకున్నారు.

1805లో ఓమ్ ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయంలో చేరారు. చేరినవాడు బుద్ధిగా చదివాడా అంటే, లేదు. నాట్యాలు, మంచు మీద స్కేటింగ్, బిలియర్డ్స్ ఆటలు. మన హాస్టల్ నుంచి సిటీ కాలేజీకి వెళ్లి మొదటి ఏడాది సినిమా హాళ్ల చుట్టూ తిరిగిన అన్నలు ఇది చదివి నవ్వుకోవచ్చు. తండ్రి మాత్రం నవ్వలేదు. తనకు దొరకని చదువును కొడుకు చేతులారా పాడు చేసుకుంటున్నాడని మండిపడి, మూడు సెమిస్టర్లకే చదువు మాన్పించారు. 1806లో, పదిహేడేళ్ల ఓమ్ స్విట్జర్లాండ్ వెళ్లి గాట్‌స్టాట్ అనే చోట ఒక బడిలో లెక్కల మాస్టారుగా చేరారు. తరువాత నోషటెల్ పట్టణంలో ట్యూషన్లు చెప్పారు. లాంగ్స్‌డోర్ఫ్ సలహా మీద ఆయిలర్, లాప్లాస్ గ్రంథాలను సొంతంగా చదివారు. 1811లో ఎర్లాంగెన్ తిరిగి వచ్చి అదే ఏడాది అక్టోబరులో డాక్టరేట్ పట్టా పొందారు. తాళాల పనివాడి కొడుకు డాక్టర్ ఓమ్ అయ్యారు.

పట్టా వచ్చింది గానీ కూడు రాలేదు. విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే చిన్న పని మూడు సెమిస్టర్లు చేశారు. దానితో పూట గడవక వదిలేశారు. 1813లో బాంబెర్గ్ పట్టణంలో ఒక నాసిరకం బడిలో లెక్కలు, ఫిజిక్సు చెప్పే ఉద్యోగం దొరికింది. 1816లో ఆ బడి కూడా మూతపడింది. ఖాళీ సమయంలో రాసిన రేఖాగణితం పుస్తకాన్ని ప్రష్యా రాజుకు పంపారు. ఆ పుస్తకం పుణ్యమా అని 1817లో కొలోన్ నగరంలోని జెస్యూట్ జిమ్నాసియంలో ఉద్యోగం వచ్చింది. అప్పటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్లు. అక్కడ ఆయనకు ఒక వరం దొరికింది. ఆ బడిలో మంచి ఫిజిక్సు ల్యాబు ఉంది.

1820లో డెన్మార్క్‌కు చెందిన ఆయర్‌స్టెడ్, విద్యుత్ ప్రవహించే తీగ దగ్గర అయస్కాంత సూది కదులుతుందని కనుగొన్నారు. యూరప్ అంతా ఆ ప్రయోగాల మీద పడింది. బడి పని అయ్యాక ఓమ్ కూడా ల్యాబులో కూర్చున్నారు. ఆయన పట్టుకున్న ప్రశ్న చాలా మామూలుది: తీగ పొడవు పెంచితే దాని గుండా పోయే విద్యుత్తు ఎంత తగ్గుతుంది? ఈనాడు దుకాణంలో మల్టీమీటర్ కొనుక్కుంటే నిమిషంలో తేలిపోతుంది. ఆనాడు అమ్మీటర్ లేదు, వోల్ట్‌మీటర్ లేదు, ఆంపియర్, వోల్ట్ అనే మాటలే లేవు. సూది ఎంత తిరిగిందో చూసి ప్రవాహం ఎంతో ఊహించాలి.

1825లో ఆయన వోల్టా ఘటమాలతో మొదటి ప్రయోగం చేశారు. ఆ ఘటాలతో వచ్చిన చిక్కు ఏమిటంటే, వలయం మూయగానే ప్రవాహం ఎగసిపడుతుంది, తరువాత నెమ్మదిగా పడిపోతుంది. కొలిచే లోపే కొలవాల్సింది మారిపోతుంది. ఆ అంకెల నుంచి ఆయన ఒక లాగరిథం సూత్రం తయారుచేసి అచ్చు వేయించారు. అది తప్పు సూత్రం. పత్రిక సంపాదకుడు పోగెన్‌డార్ఫ్ ఒక సలహా ఇచ్చారు: ఘటాలు వదిలేసి ఉష్ణయుగ్మం వాడి చూడమని. రెండు వేర్వేరు లోహాలను రెండు చోట్ల కలిపి, ఒక అతుకును వేడిగా, మరో అతుకును చల్లగా ఉంచితే విద్యుత్తు పుడుతుందని 1821లో జీబెక్ కనుగొన్నారు. ఆ విద్యుత్తు చాలా తక్కువ. కానీ నిలకడైనది.

ఓమ్ బిస్మత్, రాగి లోహాలతో ఉష్ణయుగ్మం చేశారు. ఒక అతుకును మరుగుతున్న నీటిలోనూ, మరొకటి కరుగుతున్న మంచులోనూ ఉంచారు. నీరు మరిగినంత సేపు 100 డిగ్రీలే, మంచు కరిగినంత సేపు సున్నాయే. కాబట్టి విద్యుత్తును తోసే బలం మారదు. తీగ పక్కన ఒక అయస్కాంత సూదిని సన్నని లోహపు తీగకు వేలాడదీశారు. ప్రవాహం వల్ల సూది తిరిగితే, పై నుంచి ఆ తీగను మెలితిప్పి సూదిని మళ్లీ పాత చోటికి తెస్తారు. ఎంత మెలితిప్పాల్సి వచ్చిందో అంత ప్రవాహం ఉన్నట్లు. తాళాలు చేసే ఇంట్లో పుట్టినవాడికి ఇంత సున్నితమైన పనిముట్లతో చెయ్యి తిరగడం వింత కాదు.

ఇక తీగలు. ఒకే మందం గల ఎనిమిది రాగి తీగలు తీసుకున్నారు. వాటి పొడవులు అంగుళాలలో 2, 4, 6, 10, 18, 34, 66, 130. ఒక్కొక్కటే వలయంలో పెట్టి కొలిచారు. 1826 జనవరిలో తీసిన ఒక వరుస కొలతలలో 2 అంగుళాల తీగకు 326¾ వచ్చింది. 4కు 300¾, 6కు 277¾, 10కి 238¼, 18కి 190¾, 34కు 134½, 66కు 83¼, 130కి 48½ వచ్చాయి.

తమ్ముళ్లూ, ఈ అంకెల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మనం చదివిన ప్రకారం నిరోధం రెట్టింపు అయితే ప్రవాహం సగం కావాలి కదా. 2 అంగుళాల నుంచి 4కు పోతే తీగ రెట్టింపు అయింది. ప్రవాహం మాత్రం 326 నుంచి 300కే దిగింది, సగం కాలేదు. 2 నుంచి 130కి తీగ 65 రెట్లు పెరిగితే ప్రవాహం ఏడో వంతు దగ్గరే ఆగింది. పరీక్షలో ఈ అంకెలు ఇస్తే మనలో సగం మంది ఓమ్ నియమం తప్పు అని రాసి వస్తారు.

ఓమ్ ఆ అంకెలలో ఇంకొకటి చూశారు. బయట పెట్టిన తీగ ఒక్కటే వలయం కాదు. విద్యుత్తు ఉష్ణయుగ్మం లోపలి నుంచి కూడా పోవాలి, కలిపే తీగల గుండా కూడా పోవాలి. అవి కూడా అడ్డుపడతాయి. ఆ లోపలి అడ్డును ఆయన రాగి తీగ పొడవు రూపంలో లెక్క కట్టారు. అది 20¼ అంగుళాలు వచ్చింది. అంటే 2 అంగుళాల తీగ పెట్టినప్పుడు వలయం 22¼ అంగుళాలది, 4 పెట్టినప్పుడు 24¼ది. రెట్టింపు ఎక్కడయింది? ఆయన రాసిన సూత్రం ఇది: ప్రవాహం = ఎ ÷ (బి + ఎక్స్). ఇందులో ఎక్స్ బయటి తీగ పొడవు, బి లోపలి నిరోధం, ఎ తోసే బలం. ఈ వరుసలో ఎ విలువ 7285, బి విలువ 20¼. వేడి తేడాను మార్చి చూస్తే ఎ మారింది, బి మారలేదు. ఎ అనేది జనక స్థానంలోని బలమనీ, బి అనేది వలయపు సొంత నిరోధమనీ అలా రూఢి అయింది.

మా దృష్టిలో ఓమ్ గొప్పతనం అంతా ఆ 'బి' దగ్గర ఉంది. కంటికి కనపడే తీగను ఎవరైనా లెక్కలో వేస్తారు. పెట్టె లోపల దాగిన నిరోధాన్ని లెక్కలోకి తెచ్చినవాడే అసలు సంగతి పట్టుకున్నవాడు. మనం బట్టీ పట్టే నియమంలో ఈ 'బి' కనపడదు. ఇంటర్ రెండో సంవత్సరంలో ఘటం అంతర్నిరోధం అనే పేరుతో విడిగా వస్తుంది. రెండూ ఒకే ప్రయోగంలో పుట్టాయని చెప్పేవారు తక్కువ.

ఇప్పుడు పొటెన్షియల్ డివైడర్‌కు వద్దాం. ఓమ్ జీవిత కథలో ఇదేమిటి అనుకోకండి, ఆయన సూత్రమే ఇక్కడ మళ్లీ కనపడుతుంది. 12 వోల్టుల బ్యాటరీ ఉంది. రేడియో బొమ్మకు 6 వోల్టులు చాలు. 1000 ఓమ్‌ల నిరోధాలు రెండు తీసుకొని శ్రేణిలో కలుపుతాం. మొత్తం 2000 ఓమ్‌లు, ప్రవాహం 6 మిల్లీ ఆంపియర్లు. కింది నిరోధం కొనల మధ్య సరిగ్గా 6 వోల్టులు. పని అయిపోయిందని సంతోషపడి, ఆ కొనలకు 1000 ఓమ్‌ల లోడ్ తగిలిస్తాం. 6 వోల్టులు 4 వోల్టులకు పడిపోతాయి!

ఎందుకంటే లోడ్ కింది నిరోధానికి సమాంతరంగా చేరింది. 1000, 1000 సమాంతరంలో 500 అవుతాయి. పైన 1000, కింద 500, మొత్తం 1500. బ్యాటరీ నుంచి వచ్చే ప్రవాహం 6 నుంచి 8 మిల్లీ ఆంపియర్లకు పెరిగింది. అందులో సగం, అంటే 4, లోడ్ గుండా పోతుంది. లోడ్‌ను 10,000 ఓమ్‌లు చేస్తే దానిలో ప్రవాహం సుమారు 0.57 మిల్లీ ఆంపియర్లు, వోల్టేజి 5.7. ఇది ఫరవాలేదు. లోడ్‌ను 100 ఓమ్‌లకు తగ్గిస్తే ప్రవాహం 10 మిల్లీ ఆంపియర్లు అవుతుంది గానీ వోల్టేజి ఒక్క వోల్టుకు దిగిపోతుంది. లోడ్ కొనలను తీగతో నేరుగా కలిపేసినా 12 మిల్లీ ఆంపియర్లకు మించి రాదు. లోడ్ నిరోధం 1000 నుంచి 100కు, అంటే పదో వంతుకు తగ్గితే దానిలోని ప్రవాహం పది రెట్లు పెరగలేదు. 4 నుంచి 10కి, రెండున్నర రెట్లే పెరిగింది.

ఇది ఓమ్ తీగల లెక్కే. ఆ డివైడర్ మొత్తాన్ని ఒక పెట్టెలో మూసేసి బయటికి రెండు కొనలే వదిలితే, అది 6 వోల్టుల బలమూ 500 ఓమ్‌ల లోపలి నిరోధమూ ఉన్న ఒక ఘటం లాగే ప్రవర్తిస్తుంది. లోడ్ ప్రవాహం = 6 ÷ (500 + లోడ్). ఎ స్థానంలో 6, బి స్థానంలో 500. వేసి చూడండి, పై అంకెలన్నీ వస్తాయి. ఎంత చిక్కు వలయాన్నైనా ఇలా ఒక బలం, ఒక నిరోధంగా చూడవచ్చని 1853లో హెల్మ్‌హోల్ట్జ్, 1883లో ఫ్రాన్స్ టెలిగ్రాఫ్ ఇంజనీరు తెవనిన్ చూపారు. మనం తెవనిన్ సిద్ధాంతం అని చదివేది అదే. వోల్టేజి కుంగిపోకుండా ఉండాలంటే లోడ్ నిరోధం ఆ 'బి' కంటే చాలా రెట్లు ఎక్కువ ఉండాలి.

ఒక్క మాట. ల్యాబులో సీనియర్లు లోడ్ పెరిగింది అంటే లోడ్ నిరోధం పెరిగిందని కాదు. లాగే ప్రవాహం పెరిగిందని, అంటే నిరోధం తగ్గిందని అర్థం. హాస్టల్‌లో సాయంత్రం నీళ్ల మోటారు వేయగానే స్టడీ అవర్ బల్బులు మసకబారడం మనందరం చూసిందే. మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, స్తంభం నుంచి వచ్చే తీగల నిరోధంలో ఎక్కువ వోల్టులు పోతాయి, బల్బుకు మిగిలేది తగ్గుతుంది. ఆ తీగలే అక్కడ 'బి'.

మళ్లీ ఓమ్ దగ్గరకు. 1826లో ఆయన సగం జీతం మీద సెలవు పెట్టి బెర్లిన్‌లో తమ్ముడి ఇంటికి చేరారు. 1827లో విద్యుత్ వలయాలను గణితంతో వివరించే పుస్తకం ప్రచురించారు. వేడి ఎలా ప్రవహిస్తుందో ఫూరియే చెప్పిన పద్ధతిలో విద్యుత్తును వివరించారు. ఆ పుస్తకం మీద ఆయన చాలా ఆశలు పెట్టుకున్నారు. దాన్ని చూసి ఏదో ఒక విశ్వవిద్యాలయం పిలుస్తుందని ఎదురుచూశారు. ఎవరూ పిలవలేదు. ప్రకృతిని లెక్కలతో కట్టేయడం ఆనాటి జర్మనీలో చాలామందికి రుచించలేదు. పోల్ అనే ఆచార్యుడు కఠినంగా విమర్శించాడు. గణితం మరీ ఎక్కువ ఉండటంతో ప్రయోగాలు చేసేవాళ్లకు అది కొరుకుడు పడలేదు. ఓమ్‌ను ఉద్యోగం నుంచి తీసేశారని కొన్ని పుస్తకాల్లో రాస్తుంటారు. అది సరికాదు. మనసు విరిగి 1828లో కొలోన్ ఉద్యోగానికి ఆయనే రాజీనామా చేశారు. అప్పటికి వయసు 39. పెళ్లి లేదు, ఆస్తి లేదు. బెర్లిన్ సైనిక పాఠశాలలో వారానికి కొద్ది గంటల పాఠాలతో ఏళ్ల తరబడి నెట్టుకొచ్చారు.

మేము ఎంత ఆలోచించినా ఆ రాజీనామా తెలివైన పని అనిపించదు. మంచి ల్యాబు ఉన్న ఉద్యోగం వదులుకోవడం మన ఇళ్లలోని పరిస్థితికి ఊహకు కూడా అందదు. కానీ ఆ ఎనిమిది తీగల అంకెలు సరైనవని ఆయనకు తెలుసు. ఆ సంగతి తెలిసిన మనిషికి, ఎవరూ పట్టించుకోకపోవడం ఎలా ఉంటుందో మనలో కొందరికి తెలియకపోదు.

జర్మనీలోనే ఫెక్నర్ 1831లో ఓమ్ సూత్రాన్ని ప్రయోగాలతో బలపరిచారు. 1833లో న్యూరెంబర్గ్ పాలిటెక్నిక్‌లో ఓమ్‌కు ఉద్యోగం దొరికింది. నెమ్మదిగా ఆయన పేరు దేశం దాటింది. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లే పతకం ఇచ్చింది. మరుసటి ఏడాది విదేశీ సభ్యుడిగా ఎన్నుకుంది. 1843లో ఇంగ్లండులో వీట్‌స్టన్ తన ఉపన్యాసంలో ఓమ్ సూత్రాన్ని వివరించి అక్కడి వారికి బాగా పరిచయం చేశారు. సలహా ఇచ్చిన పోగెన్‌డార్ఫ్ కూడా ఊరుకోలేదు. 1841లో ఆయన ఘటం నుంచి ప్రవాహం తీయకుండానే దాని బలాన్ని కొలిచే పద్ధతి చెప్పారు. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో మనం చేసే పొటెన్షియోమీటర్‌కు అదే మూలం. వోల్ట్‌మీటర్ తగిలిస్తే అదీ ఒక లోడే కదా, కొంత ప్రవాహం లాగుతుంది. పొటెన్షియోమీటర్ తుల్యస్థితిలో ఏమీ లాగదు. అందుకే విద్యుచ్ఛాలక బలం కొలవడానికి అది మేలు.

చిత్రమేమిటంటే ఇంగ్లండులో హెన్రీ కేవెండిష్ 1781 నాటికే ఇలాంటి ఫలితానికి వచ్చారు. మీటర్లు లేక, తన శరీరానికి తగిలే షాకును బట్టి అంచనా వేసేవారు. కానీ ఆయన దాన్ని అచ్చు వేయించలేదు. 1879లో మాక్స్‌వెల్ ఆ కాగితాలు ప్రచురించేదాకా లోకానికి తెలియలేదు.

ఓమ్ యౌవనం నుంచి కోరుకున్న విశ్వవిద్యాలయ ఆచార్య పదవి ఆయనకు మ్యూనిక్‌లో 1852లో పూర్తి హోదాతో వచ్చింది. అప్పటికి 63 ఏళ్లు. రెండేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నారు. 1854 జూలై 6న మ్యూనిక్‌లో కన్నుమూశారు. 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ నిరోధపు ప్రమాణానికి ఓమ్ అని పేరు ఖాయం చేసింది.

స్టడీ అవర్‌లో వీలు చూసుకొని ఆ ఎనిమిది అంకెలను కాలిక్యులేటర్ మీద వేసి చూడండి. 7285ను 22.25తో భాగిస్తే సుమారు 327.4, ఓమ్ కొలిచింది 326¾. 38.25తో భాగిస్తే 190.5, కొలిచింది 190¾. 150.25తో భాగిస్తే 48.5, కొలిచింది 48½. 10 అంగుళాల దగ్గర మాత్రం లెక్కకు 240.8 రావాలి, సూది చూపింది 238¼. 66 దగ్గర లెక్క 84.5, సూది 83¼. ఆ రెండు తేడాలను ఆయన దిద్దలేదు, ఉన్నవి ఉన్నట్టే అచ్చుకు ఇచ్చారు.